మోరీ

లోతుకుంటల మా గల్లి తవ్వి నాలుగు నెలలైంది.
పైపులు రాలే. వాన మాత్రం టైముకొచ్చింది.
నా టైలరింగ్ షాపుకు రావాలంటే
ఆడోళ్లు కుచ్చిళ్లెత్తి పట్టుకొని
చెక్క మీదికెల్లి దాటాలె.

మామ రోజూ ఆ గుంత గట్టు మీద కుర్చీ ఏసుకొని కూసుంటడు.
హవల్దార్ గట్టయ్య, రిటైరై ముప్పై రెండేండ్లు.
మొదటి రోజే పాలమూరు లేబరోళ్లతోని లొల్లి:
"సీదా తవ్వుతున్నరేందిరా, వంకర తవ్వాలె,
పాము పోయినట్టు.
ఒక్క గోలా పడ్డదంటే ఈ కొస నుంచి ఆ కొస దాంక
అందరు ఒక్కసారే పోతరు."
మేస్త్రి నవ్విండు. "తాతా, ఇది మోరీ."
"మోర్చా" అన్నడు మామ.
రెండిట్ల తేడా ఎంత తక్కువనో
నాకు ఆగస్టు దాంక తెల్వలే.

మా పిల్లగాడు తుపాకి గురించి అడుగుతడు.
మామ డబ్బా గురించి చెప్తడు.
పాలపొడి డబ్బా. దాంతోనే నీళ్లు తోడుడు,
దాంట్లనే చాయ్,
బయటికి పోరాని రాత్రి దాంట్లనే ఇంకోటి.
"కడుగుతుంటివా తాతా?"
"నీళ్లుంటే గదరా."
"ఇప్పుడే తోడినమంటివి?"
"అవి నీళ్లు కావు."

తుపాకి పేల్చింది పదకొండు రోజుల్ల మూడుసార్లు.
ఎవలకు తాకిందో తెల్వదు,
తాకొద్దని మొక్కుకున్నడో ఏమో చెప్పడు.
మిగతాదంతా తోడుడే.
తోడుడు, కూలిన బస్తాలు మళ్ల పేర్చుడు,
చొక్కా కుట్లల్ల పేన్లు దాక్కుంటే
అగ్గిపుల్లతోని కుట్టు వెంబడి కాల్చుకుంట పోవుడు.
(కుట్టుపనిదాన్ని, నా పానం గుంజింది.)
రొట్టె కోసం ఎలుకతోని కొట్లాట.
"అది గెలుస్తుండె," అంటడు. "దానిది ఆ ఊరే గదా."

పైడిరాజని విజయనగరం పిలగాడు.
పాదాలుబ్బి తెల్లగై
నానిన అటుకుల లెక్క తోలు ఊడొచ్చింది.
బూటు కోసి తీసిన్రు.
గుండు తాకలే, బాంబు పడలే,
నీళ్లల్ల నిలబడ్డడు, అంతే.
పిలగాడు ఇంటికి పోయిండు, పాదం పోలే.
"దానికి మెడల్ ఉండదు" అన్నడు మామ,
టీవీ సౌండు పెంచిండు.

ఇంకో ముచ్చట. మామ ఎత్తు ఐదడుగుల పదంగుళాలు.
మోర్చా లోతు ఐదు. కింద బండ, గడ్డపార దిగదు.
తల ఎత్తినోడు మాపటికి లేకుండె.
బొల్లారం స్టూడియోల పెన్షన్ ఫోటోకు
"తల పైకి సార్" అని ఆరుసార్లన్నడు ఫోటోగ్రాఫర్.
ఏడోసారి కెమెరానే కిందికి దించిండు.

ఆగస్టుల ఒక రాత్రి. కరెంటు లేదు, కుండపోత.
కుర్చీ ఉన్నది, మామ లేడు.
సెల్ లైటు ఏస్తే మోరీల, మోకాలు మంటి నీళ్లల్ల.
నా షాపు గుడ్డపీలికల బస్తాలు
ఒకదాని మీద ఒకటి, ఇటుకల లెక్క,
అతుకు మీద అతుకు రాకుండ.
చేతిల మా ఇంట్ల పాలడబ్బా.
పైకి పోసినయి పోసినట్టే కిందికొస్తున్నయి.
"రా మామా" అన్న.
"డ్యూటీ మారే టైం కాలే."

దిగిన. ఇంకేం చేస్త.
"నా డ్యూటీ వచ్చింది, నువ్వు పో" అన్న.
నన్ను ఎగాదిగా చూసిండు, డబ్బా ఇచ్చిండు,
అప్పజెప్పేటప్పుడు చెప్పాల్సినయి చెప్పిండు:
ఎడమ దిక్కు ఎలుక బొక్క,
కుడి దిక్కు చప్పుడు లేదు,
తల దించుకో.

ఒళ్లు తుడుస్తుంటే చొక్కా లోపట, కడుపుకానిచ్చి
రెండు తడి సాక్సులు.
ఆరబెట్టుకుంటున్నడు.

సెప్టెంబర్ల పైపులేసిన్రు, మట్టి పోసిన్రు.
రోడ్డు సీదాగ, నున్నగ.
మామ దాని మీద గూడ వంగే నడుస్తుండు.
నేను చొక్కా కుట్టినప్పుడల్లా
లోపటి దిక్కు తిప్పి
కుట్టు వెంబడి వేలు పెట్టి చూస్తున్న.